బృందం కోసం విమానాశ్రయానికి బస్సు: రోజంతా ఉంచుకోవాలా, విడతలుగా మాట్లాడుకోవాలా?

సదస్సు కార్యదర్శి:

నమస్కారం. మా వృత్తి సంఘం వార్షిక సదస్సుకు వేర్వేరు ఊళ్ల నుంచి, కొందరు వేరే దేశాల నుంచి, మొత్తం 70 మంది ప్రతినిధులు విమానాల్లో వస్తున్నారు. వారిని విమానాశ్రయం నుంచి బసకు చేర్చడం, సదస్సు ముగిసిన రోజున తిరిగి విమానాశ్రయంలో దిగబెట్టడం నాకు అప్పగించారు. రెండింటి మధ్య మామూలు రద్దీలో గంటన్నర ప్రయాణం. ఉదయం 9 గంటల ప్రాంతంలో ఒకే విమానంలో 28 మంది దిగుతారు. మధ్యాహ్నం గంట తేడాతో రెండు విమానాల్లో మరో 22 మంది వస్తారు. మిగిలిన 20 మంది ఇద్దరు, ముగ్గురు చొప్పున అర్ధరాత్రి దాటేవరకూ దిగుతూనే ఉంటారు. మొత్తం మీద ఇద్దరు చక్రాల కుర్చీ వాడేవారు ఉన్నారు.

మేము సంప్రదించిన ట్రావెల్స్ సంస్థ ఒకటి 50 సీట్ల బస్సును ఆ రోజంతా మా కోసమే కేటాయిస్తామని, వచ్చినవారిని వచ్చినట్టు తీసుకువెళతామని చెబుతోంది. వినడానికి సులువుగానే ఉంది కానీ, ముగ్గురి కోసం 50 సీట్ల బస్సు గంటన్నర దూరం వెళ్లి రావడం నాకు మింగుడుపడటం లేదు. ఒక విమానం ఆలస్యమైతే అప్పటికే దిగినవారిని ఎంతసేపు కూర్చోబెట్టాలన్నది కూడా తేలడం లేదు. ఇలాంటి ఏర్పాట్లు చేసినవారు బస్సు పరిమాణాన్ని, బయలుదేరే వేళలను, ఎదురుచూడవలసిన గడువును ఎలా నిర్ణయిస్తారో వివరంగా చెబితే ఉపకారంగా ఉంటుంది.

బాటసారి:

కార్యదర్శి గారూ, బస్సు సంగతి తర్వాత తేల్చుకోవచ్చు, ముందు జాబితాను సరిచేసుకోండి. "మధ్యాహ్నానికి వచ్చేస్తాను" అన్న మాట మీద ఆధారపడకుండా ప్రతి ఒక్కరి దగ్గరా టికెట్టు ప్రతిని తెప్పించుకుని, విమానం నంబరు, తేదీ, దిగే టెర్మినల్, పెద్ద పెట్టెల సంఖ్య, ప్రయాణంలో పనిచేసే ఫోన్ నంబరు ఒకే పట్టికలోకి ఎక్కించండి. విమాన సంస్థలు పరస్పర ఒప్పందాలతో ఒకే విమానాన్ని రెండు మూడు నంబర్లతో అమ్ముతాయి కాబట్టి, మీ పట్టికలో మూడు విమానాలుగా కనిపిస్తున్నవి నిజానికి ఒకటే కావచ్చు. విమానాన్ని నిజంగా నడిపే సంస్థ ఏదో టికెట్టు మీదే రాసి ఉంటుంది. ఆ సంస్థ పెట్టిన విమానం నంబరు కింద అందరినీ చేర్చి చూస్తే, మీరు విడివిడిగా లెక్కపెట్టిన ఇరవై మందిలో కొందరు ఒక జట్టుగా తేలే అవకాశం ఉంది. విమానం ఆలస్యాన్ని గమనించడానికి కూడా ఆ నంబరే పెట్టుకోండి.

ఇక వేళ గురించి. టికెట్టు మీద ఉండేది విమానం చేరే వేళ. మనకు కావలసింది మనిషి పెట్టెతో సహా అరైవల్స్ ద్వారం దాటి బయటికి వచ్చే వేళ. దేశంలోపలి ప్రయాణమై, చేతి సంచీ మాత్రమే ఉంటే ఈ తేడా ఇరవై నిమిషాలు ఉండవచ్చు. పెట్టె కోసం బెల్టు దగ్గర నిలబడాలంటే అరగంట నుంచి ముప్పావు గంట. విదేశం నుంచి వచ్చి ఇమ్మిగ్రేషన్, బెల్టు, కస్టమ్స్ మూడూ దాటవలసి వస్తే గంట నుంచి గంటన్నర, రద్దీ వేళల్లో ఇంకా ఎక్కువ. ఒకే విమానంలో దిగిన 28 మంది కూడా ఒకేసారి బయటికి రారు. మొదటి వ్యక్తికీ చివరి వ్యక్తికీ మధ్య అరగంటైనా తేడా ఉంటుంది. చక్రాల కుర్చీ సహాయం కోరినవారిని సాధారణంగా అందరి తర్వాత విమానంలోంచి దింపుతారు కాబట్టి, వారు ఉన్న విడతకు బస్సు వేళను వారిని బట్టే పెట్టాలి తప్ప ముందు వరుసల్లో కూర్చున్నవారిని బట్టి కాదు. ఆ ఇద్దరికీ బస్సులో లిఫ్టు కావాలా, లేక చేయి అందిస్తే మెట్లు ఎక్కగలరా అన్నది వారినే నేరుగా అడగండి. లిఫ్టు ఉన్న బస్సు కావాలంటే ముందుగా చెప్పి పెట్టుకోవాలి, అప్పటికప్పుడు దొరకదు.

సీట్ల లెక్కకు తోడు డిక్కీ లెక్క కూడా చూసుకోవాలి. విమాన సంస్థలు చాలావరకు అనుమతించే పెద్ద పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు, బరువు 23 కిలోలు. అలాంటి పెట్టె సుమారు 0.12 ఘనపు మీటర్ల చోటు తీసుకుంటుంది. 50 మంది తలా ఒకటి తెస్తే 6 ఘనపు మీటర్లు, తలా రెండు తెస్తే 12. అది కూడా పెట్టెల మధ్య సందు లేకుండా పేర్చితేనే. సీట్లు 50 ఉన్నాయి కదా అని 50 మందిని ఎక్కించబోతే చివరి పదిహేను పెట్టెలు నడవలోకి, తలుపు దగ్గరికి వస్తాయి. అత్యవసరంగా దిగవలసిన దారికి అడ్డంగా సామాను పెట్టడం ఎక్కడా క్షేమం కాదు, మంచి డ్రైవర్ ఒప్పుకోడు కూడా. కాబట్టి సీట్లతో పాటు డిక్కీలో ఎన్ని పెద్ద పెట్టెలు పడతాయో అడిగి, ఆ సంఖ్యను ఒప్పందంలో రాయించుకోండి. మినీ బస్సుల్లో అసలు డిక్కీయే లేనివి, వెనక ఒక చిన్న అర మాత్రమే ఉన్నవి చాలా ఉన్నాయి.

నిరీక్షణ నియమం మీరే పెట్టి ముందుగానే అందరికీ తెలియజేయాలి. ఒక విడతలో చివరి విమానం చేరిన వేళ నుంచి 90 నిమిషాలకు బస్సు కదులుతుంది, అందరూ ఎక్కేస్తే అంతకుముందే కదులుతుంది, తప్పిపోయినవారికి ఫలానా ఏర్పాటు ఉంది, అని మూడు వాక్యాల్లో రాసి పంపండి. మీ మధ్యాహ్నం విడతలో రెండో విమానం 45 నిమిషాలకు మించి ఆలస్యమవుతోందని తెలిస్తే మొదటి విమానం వారిని తీసుకుని బస్సు వెళ్లిపోవాలన్నది నా అభిప్రాయం. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవారికి ఇంకొకరి కోసం కూర్చోవడమంటే నిమిషం కూడా గంటలాగే ఉంటుంది.

నిదానమే ప్రధానం:

బాటసారి గారు చెప్పిన లెక్కలతో ఏకీభవిస్తున్నాను కానీ, ఆ చివరి 20 మంది కోసం బస్సు ఆలోచనే వదులుకోవాలని నేను గట్టిగా అంటాను. ఉదయం విడతకు ఒక బస్సు, మధ్యాహ్నం విడతకు ఒక బస్సు ట్రిప్పుల లెక్కన మాట్లాడుకుని, మిగిలినవారికి కార్లు పెట్టండి, లేదా టాక్సీలో వచ్చి రసీదు ఇస్తే సంఘం చెల్లిస్తుందని చెప్పండి. రోజంతా బస్సును ఉంచుకుంటే అది ఖాళీగా నిలబడిన గంటలకు కూడా మీరే డబ్బు కడతారు. ఇద్దరి కోసం పంపితే అదే సమయంలో దిగిన మరో ముగ్గురికి మూడు గంటలపాటు బస్సు ఉండదు. ఒకే బస్సుతో రోజంతా నడిపించాలన్న కోరిక కాగితం మీద పొదుపుగా కనిపిస్తుంది గానీ, గంటన్నర దూరానికి అది పనికిరాదు. బస విమానాశ్రయానికి పదిహేను నిమిషాల దూరంలో ఉండి ఉంటే నేనూ ఒకే బస్సు చాలనేవాణ్ణి.

గేరు కర్ర:

నేను బస్సులు పంపే వైపు పనిచేస్తాను కాబట్టి ఆ వైపు సంగతులు చెబుతాను. చాలా విమానాశ్రయాల్లో అద్దె బస్సులను అరైవల్స్ ద్వారం ముందు ఆపి ఉంచనివ్వరు. బస్సు దూరంగా కేటాయించిన పార్కింగ్‌లో ఉంటుంది, పిలిచాక వస్తుంది, ఎక్కించుకోవడానికి ఇచ్చే గడువు కొద్ది నిమిషాలే. అందుచేత అందరూ పెట్టెలతో సహా ఒకచోట చేరి, తల లెక్క పూర్తయ్యాక మాత్రమే డ్రైవర్‌కు ఫోన్ చేయాలి. పది మంది వచ్చారని తొందరపడి పిలిస్తే బస్సు ఒక చుట్టు చుట్టి మళ్లీ పార్కింగ్‌కే పోవలసి వస్తుంది. పేరు బోర్డు పట్టుకుని ద్వారం దగ్గర నిలబడే మనిషి, డ్రైవర్ ఇద్దరూ ఒకరే కావడానికి వీల్లేదు. ఆ మనిషిని మీ సంఘం నుంచే పెట్టండి. విమానాశ్రయంలోకి వాణిజ్య వాహనాలు రావడానికి విడిగా అనుమతి, ప్రవేశ రుసుము ఉండే చోట్ల అవి ఎవరి ఖాతాలో పడతాయో ఒప్పందంలో ఉండాలి. రెండంతస్తుల బస్సు తీసుకుంటే టెర్మినల్ ముందు పైకప్పు ఎత్తు సరిపోతుందో లేదో కూడా అడగాలి.

అద్దె గంటలు మీరు ఎక్కిన చోట మొదలై దిగిన చోట ముగియవు. చాలామంది గ్యారేజీ నుంచి గ్యారేజీ వరకు లెక్కకడతారు. ఎంతసేపు ఉచితంగా ఆగుతారు, ఆ తర్వాత వెయిటింగ్ ఛార్జీ ఎలా వేస్తారు, విమానం ఆలస్యమైతే ఆ గడియారం టికెట్టు వేళ నుంచి మొదలవుతుందా, విమానం నిజంగా చేరిన వేళ నుంచా అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. గొడవలన్నీ సాధారణంగా ఈ మూడో ప్రశ్న దగ్గరే వస్తాయి.

ఉదయం 9 నుంచి అర్ధరాత్రి దాకా ఒకే డ్రైవర్‌తో నడిపిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఐరోపా సమాఖ్యలో డ్రైవర్ రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటలు నడపవచ్చు, నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. అమెరికాలో ప్రయాణికుల బస్సు డ్రైవర్ వరుసగా 8 గంటల విశ్రాంతి తర్వాత 10 గంటలకు మించి నడపకూడదు, విధిలో మొత్తం 15 గంటలు గడిపాక అసలు నడపకూడదు. భారతదేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణ పని వేళలను రోజుకు 8, వారానికి 48 గంటలుగా పెట్టింది. మీ సదస్సు ఎక్కడ జరిగినా ఇలాంటి నియమం ఒకటి ఉంటుంది. పార్కింగ్‌లో మీ కోసం కాచుకుని ఉండటాన్ని విశ్రాంతిగా లెక్కకట్టలేం. రెండో డ్రైవర్ పేరు లేని "రోజంతా" ప్రతిపాదన మీద మొదట అడగవలసిన ప్రశ్న అదే.

సదస్సు కార్యదర్శి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు విడతలకు రెండు బస్సులు, మిగిలినవారికి కార్లు అన్నది మా కమిటీకి కూడా నచ్చింది. బాటసారి గారు చెప్పినట్టు నంబర్లు కలిపి చూస్తే రాత్రివేళ దిగేవారిలో ఏడుగురు ఒకే విమానంలో ఉన్నట్టు తేలింది, వారికి ఒక చిన్న వ్యాను చాలు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఒకరి పెట్టె బెల్టు మీదికి రాకపోతే బస్సు ఏం చేయాలి? తిరుగు ప్రయాణం రోజున 40 మంది సాయంత్రం 7.30కీ రాత్రి 10కీ మధ్య, రెండు వేర్వేరు టెర్మినళ్ల నుంచి బయలుదేరుతున్నారు. వారిని ఏ వేళకు కదిలించాలి?

బాటసారి:

పెట్టె రానివారు విమాన సంస్థ కౌంటర్ దగ్గర ఫిర్యాదు నమోదు చేయించి, దాని సంఖ్య తీసుకున్నాకే బయటికి రావాలి. బయటికి వచ్చేస్తే మళ్లీ లోపలికి వెళ్లడం కష్టం. అందుకు గంట కూడా పట్టవచ్చు కాబట్టి బస్సును ఆపకండి. మీ మనిషి ఒకరు వారి కోసం ఉండి, తర్వాత కారులో తీసుకురావాలి. పెట్టెను చేర్చవలసిన చిరునామాగా బస చిరునామాను రాయించాలి. ఆ చిరునామా ప్రతినిధులందరి ఫోన్‌లోనూ ముందే ఉంటే మంచిది.

తిరుగు ప్రయాణం వేళను వెనక నుంచి లెక్కపెట్టాలి. విమానం 7.30కి, విదేశీ ప్రయాణానికి 3 గంటల ముందు రమ్మన్నారనుకుంటే 4.30కి కౌంటర్ దగ్గర ఉండాలి. బస్సు దిగి పెట్టెలు తీసుకోవడానికి 20 నిమిషాలు, అంటే 4.10కి టెర్మినల్ ముందు బస్సు ఆగాలి. గంటన్నర ప్రయాణానికి సాయంత్రం రద్దీ కోసం 40 నిమిషాలు కలిపితే 2 గంటలకు కదలాలి. సామాను ఎక్కించడానికి అరగంట పడుతుంది కాబట్టి 1.30కి అందరూ గది ఖాళీ చేసి కింద ఉండాలి. ప్రతినిధులకు 2 గంటలని కాక 1.30 అనే చెప్పండి. 10 గంటల విమానం వారిని ఇదే బస్సులో ఎక్కిస్తే వారు విమానాశ్రయంలో ఆరు గంటలు గడపాలి. చాలా సంస్థలు కౌంటర్లను మూడు గంటల ముందే తెరుస్తాయి కాబట్టి అందులో సగం సేపు పెట్టెలను పక్కన పెట్టుకునే కూర్చోవాలి. రెండో బస్సును 4.30కి పెట్టండి.

గేరు కర్ర:

రెండు టెర్మినళ్ల సంగతి డిక్కీ దగ్గరే తేలిపోవాలి. మొదట దిగే టెర్మినల్ వారి పెట్టెలకు ఒక రంగు రిబ్బను, రెండోదానికి ఇంకో రంగు కట్టించండి. రెండో టెర్మినల్ పెట్టెలను ముందు ఎక్కించి లోపలికి తోసి, మొదట దిగేవారివి చివర్లో, తలుపు దగ్గరగా పెట్టించండి. డిక్కీ తలుపులు బస్సుకు రెండు పక్కలా ఉంటాయి. టెర్మినల్ ముందు కాలిబాట ఏ పక్కన వస్తుందో డ్రైవర్‌కు తెలుసు కాబట్టి, ఆ పక్క తలుపు నుంచే అన్నీ అందేలా పేర్చమనండి. లేకపోతే కదిలే వాహనాల మధ్య నిలబడి పెట్టెలు లాగవలసి వస్తుంది.

నిదానమే ప్రధానం:

ఒక్క మాట కలుపుతాను. మీ రాత్రి విమానాల్లో అర్ధరాత్రి దాటాక దిగేవి ఉన్నాయన్నారు. 15వ తేదీ 00.40 అని టికెట్టు మీద ఉంటే అది 14వ తేదీ రాత్రి మేలుకుని ఉండవలసిన పని. ట్రావెల్స్‌వారికి పంపే కాగితంలో తేదీ పక్కన వారం పేరు కూడా రాసి, "14 శనివారం రాత్రి తెల్లవారితే 15 ఆదివారం, 00.40" అన్నంత స్పష్టంగా ఉంచండి. డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు, బస్సు నంబరు ముందురోజు సాయంత్రానికి చేతికి రాకపోతే మీరే ఫోన్ చేసి అడగండి.