అప్‌డేట్: ‘ప్యూపిల్’ సంగతి తేలింది

విద్యార్థినీ, కంటిపాపనీ ఇంగ్లిష్‌లో ‘ప్యూపిల్’ అనే ఎందుకంటారని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

రెండింటికీ మూలం లాటినే. ‘పూపా’ అంటే చిన్నపిల్ల, బొమ్మ కూడా. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే మన ప్రతిబింబం బుల్లి బొమ్మలా కనిపిస్తుంది, అందుకే ‘పూపిల్లా’. మన కంటి‘పాప’, సంస్కృత ‘కనీనిక’, గ్రీకు ‘కోరే’ అన్నిటిదీ ఇదే దారి. రెండు పాపలూ ఒకే సైజులో లేకపోతే డాక్టర్లు ‘ఎనిసోకోరియా’ అంటారే, అందులో ఉన్నది ఆ కోరేనే.

విద్యార్థి అర్థం మాత్రం చదువు నుంచి రాలేదు! రోమన్ చట్టంలో ‘పూపిల్లుస్’ అంటే సంరక్షకుడి చేతికింద ఉన్న, తండ్రి లేని మైనర్. అలా ఒకరి చేతికింద ఉన్న పిల్లలనే అర్థమే తర్వాత టీచర్ చేతికింద చదివేవాళ్లకీ వచ్చింది. స్కాట్లాండ్ చట్టంలోనైతే 1991 వరకూ 14 ఏళ్లలోపు అబ్బాయి, 12 లోపు అమ్మాయి ‘ప్యూపిల్’లే, బడికి వెళ్లినా వెళ్లకపోయినా.