ఆవిరి ఇంజన్ల పండగకి అసలు ఇంజన్‌నే నడపాలా?

పాతపట్నం పాసింజర్:
ఇండియన్ స్టీమ్ రైల్వే సొసైటీ అని 1999 నుంచి ఒక సంఘం ఉంది. ఏటా ఢిల్లీలో నేషనల్ స్టీమ్ కాంగ్రెస్ జరుపుతుంటారు. ఆవిరి ఇంజన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు, రిటైరైన రైల్వేవాళ్లు దేశం నలుమూలల నుంచి వస్తారు. ఆ మధ్య నేనూ వెళ్లాను. టీ తాగే చోట మొదలైన ఒక వాదన ఇంటికొచ్చేదాకా బుర్రలోంచి పోలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఇలాంటి పండగల కోసం వందేళ్లు దాటిన అసలు ఇంజన్‌కి నిప్పు పెట్టి నడపాలా? లేక దాన్ని మ్యూజియంలో చల్లగా ఉంచేసి, నడపడానికి వేరే ఏర్పాటు చూసుకోవాలా?

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. నడపకూడదు. మాది నౌపడా–గుణుపురం లైను. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైను అది, 1931కి గుణుపురం దాకా వెళ్లింది. టెక్కలి, టెంబూరు, మా పాతపట్నం, అన్నిచోట్లా ఆగుతూ పోయేది. 2004 జూన్‌లో నారో గేజ్ ఆపేసి, తర్వాత బ్రాడ్ గేజ్ వేశారు. బ్రాడ్ గేజ్ మా ఊళ్లకి అవసరమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ పాత లైను ఒక్క మైలు కూడా మిగల్లేదు. మా అబ్బాయికి చూపించడానికి పట్టా ముక్క లేదు. పోయింది తిరిగి రాదని కళ్లారా చూశాను కాబట్టి, మిగిలిన వాటిని మన సరదా కోసం అరగదీయొద్దు అంటున్నాను.

షెడ్డు ఫిట్టర్:
నేనూ మీ వైపే, కానీ కారణం వేరే. బాయిలర్ అంటే బయటికి కనిపించే డ్రమ్ము ఒక్కటే కాదు. లోపల నిప్పు మండే ఫైర్ బాక్స్, అక్కణ్ణించి ముందుకి వేడి పొగ వెళ్లే గొట్టాలు వరసగా, ఫైర్ బాక్స్ గోడల్ని పట్టి ఉంచే వందలకొద్దీ స్టే బోల్టులు ఉంటాయి. నిప్పు పెడితే ఇవన్నీ సాగుతాయి, ఆర్పితే ముడుచుకుంటాయి. అన్నీ ఒకే లెక్కన సాగవు, అక్కడే వస్తుంది చిక్కు. రోజూ డ్యూటీ చేసిన కాలంలో ఇంజన్ వాషౌట్‌కి, అంటే బాయిలర్ లోపల కడగడానికి, వచ్చేదాకా వేడి మీదే ఉండేది. ఇప్పుడు ఏడాదికి రెండు మూడుసార్లు వెలిగించి ఆర్పేస్తున్నారు. పరుగు కంటే ఈ వెలిగించడం, ఆర్పడమే బాయిలర్‌కి ఎక్కువ చేటు.

ఒక చోట (పేరు వద్దు) ఒక పాత ఇంజన్‌ని పండగకి సిద్ధం చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ముఖ్య అతిథి పొద్దున్నే వస్తారని తెల్లవారుజామున నిప్పు పెట్టి, తొందరగా ప్రెషర్ లేపారు. తొమ్మిదింటికల్లా గొట్టాల మొదళ్ల దగ్గర నీళ్లు కారడం మొదలైంది. ఫైర్ బాక్స్ తలుపు తీసి చూస్తే లోపల నిప్పు మీద సన్నగా జల్లు పడుతోంది, సుయ్ సుయ్ మని చప్పుడు. బండి కదల్లేదు. ఆ శబ్దం నేను మరిచిపోలేను.

ఫెయిరీ క్వీన్ సంగతే తీసుకోండి. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారై మన దేశానికొచ్చింది, 1909 దాకా పనిచేసింది. 1997లో మళ్లీ పట్టాలెక్కింది. నడుస్తున్న ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదని 1998లో గిన్నిస్‌కెక్కింది. గర్వపడాల్సిందే. కానీ 2011లో దాని భాగాలు దొంగలపాలయ్యాయి, మళ్లీ బాగుచేసి నడపడానికి 2017 అయింది. ఇలా మార్చుకుంటూ పోతే చివరికి 1855 నాటి ఇనుము ఎంత మిగులుతుంది?

కాజీపేట అమ్మాయి:
ఫిట్టర్ గారూ, మీరు చెప్పిన బాయిలర్ సంగతి అక్షరాలా నిజం. అయినా నేను మీ ఇద్దరితో ఒప్పుకోను.

మా నాన్న కాజీపేట స్టీమ్ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరారు. తర్వాత డీజిల్, ఆ తర్వాత కరెంటు ఇంజన్ నడిపి రిటైరయ్యారు. కానీ ఇంట్లో ఆయన చెప్పే కబుర్లన్నీ ఆ మొదటి ఏళ్లవే. బొగ్గు వేయడం అంటే పారతో ఎత్తి పోయడం అనుకునేదాన్ని. కాదట. ఫైర్ బాక్స్‌లో నాలుగు మూలలా పలచగా పరవాలి, మధ్యలో గుట్ట పడకూడదు. చిమ్నీ లోంచి నల్లటి పొగ వస్తోందంటే బొగ్గు ఎక్కువైంది, గాలి చాలట్లేదు అని అర్థం. పొగ లేత బూడిద రంగులో ఉంటే నిప్పు సరిగ్గా ఉన్నట్టు. డ్రైవర్ ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి పొగ వైపు చూసేవాడట, అంతే, నాన్నకి అర్థమయ్యేది. బండి ఆగిన ప్రతిచోటా డ్రైవర్ దిగి నూనె డబ్బా పట్టుకుని చుట్టూ తిరిగేవాడు. బేరింగ్ మీద అరచేయి పెట్టకూడదు, చేతి వెనక వైపు ఆనించి వేడి చూడాలి, కాలితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఈ ముక్క నాన్న నాకు వంటింట్లో కుక్కర్ దగ్గర నిలబెట్టి చేసి చూపించారు.

ఇవన్నీ పుస్తకం చదివి నేర్చుకునేవి కావు. బ్రాడ్ గేజ్ మీద మామూలు సర్వీసులో ఆఖరి ఆవిరి బండి నడిచింది 1995 డిసెంబర్ 6న, ఫిరోజ్‌పూర్–జలంధర్ మధ్య. ఆ రోజు పాతికేళ్ల కుర్రాడు పార పట్టి ఉంటే ఇప్పుడు రిటైర్మెంట్ దగ్గర్లో ఉంటాడు. ఆ సర్వీసులో పనిచేసినవాళ్లలో అతని కంటే చిన్నవాళ్లు పెద్దగా ఉండరు. ఇంజన్‌ని చల్లగా ఉంచితే ఇనుము మిగులుతుంది, ఒప్పుకుంటాను. దాన్ని నడిపే చేతులు? వాటిని ఏ మ్యూజియంలో పెడదాం?

స్టీమ్ కాంగ్రెస్ లాంటి పండగ ఏడాదికి ఒక్కసారైనా జరగాలి, అక్కడ నిప్పు వెలగాలి, పక్కన ఒక ముసలి ఫైర్‌మన్, ఒక పాతికేళ్ల కుర్రాడు నిలబడాలి. నాకు కావాల్సింది అదీ.

నీలి సిగ్నల్:
అందరి మాటా గౌరవిస్తాను. కానీ ఇది ప్రజల డబ్బు. రైల్వే నడిపే ప్రతి హెరిటేజ్ బండికీ ఖర్చు అవుతుంది. బొగ్గు పొగ సంగతి సరేసరి. గుజరాత్‌లో 2023 అక్టోబర్ 31న ఏక్తా నగర్–అహ్మదాబాద్ మధ్య హెరిటేజ్ బండి మొదలైంది కదా. ఇంజన్ బయటికి ఆవిరి ఇంజన్ రూపం, లోపల కరెంటు మోటారు. పిల్లలు సంబరంగా ఎక్కుతున్నారు. అది చాలదా?

కాజీపేట అమ్మాయి:
చాలదండీ. పిల్లలు ఎక్కుతున్నారు, సంతోషం, ఆ బండి వద్దనను. కానీ దాంట్లో నిప్పు లేదు, నీళ్లు లేవు. ఆవిరి ఇంజన్ ఎలా పనిచేసేదో ఆ బండి ఎక్కిన పిల్లకి ఒక్క ముక్క కూడా తెలియదు. ఆ పిల్ల ఇదే అసలు ఇంజన్ అనుకుంటుంది, నాకు బాధ అక్కడే.

యార్క్‌షైర్ తెలుగోడు:
నేనుండేది లీడ్స్ పక్కనే. ఫెయిరీ క్వీన్ పుట్టింది ఈ ఊళ్లోనేనని ఇక్కడివాళ్లకి చెబితే ఆశ్చర్యపోతారు. ఈ చర్చ ఇక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది కాబట్టి నాకు తెలిసిన మూడు ఇంజన్ల గురించి చెబుతాను.

మొదటిది మల్లార్డ్. 1938 జూలై 3న గంటకి 126 మైళ్ల వేగం అందుకుంది, ఆవిరి ఇంజన్ల రికార్డు ఇప్పటికీ దానిదే. ఇప్పుడు యార్క్ మ్యూజియంలో కదలకుండా నిలబడి ఉంది. జనం దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. రెండోది ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, 1923 నాటిది. దాన్ని మళ్లీ నడపడానికి 42 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి, అనుకున్నదానికంటే చాలా ఏళ్లు ఆలస్యమై 2016లో బయటికొచ్చింది. అది వెళ్లే దారిలో పొలాల్లో, వంతెనల మీద జనం బారులు తీరతారు. నేనూ మా పాపని భుజాల మీద ఎక్కించుకుని వానలో రెండు గంటలు నిలబడ్డాను. పొగ వాసన మా పాప జుట్టులో సాయంత్రం దాకా ఉంది.

మూడోది టోర్నడో. మీ ప్రశ్నకి సంబంధించింది ఇదే అనుకుంటున్నాను. ఆ రకం ఇంజన్లు 49 ఉండేవి, ఒక్కటి కూడా మిగలకుండా తుక్కు చేశారు. అభిమానులు నెలనెలా చందాలు వేసుకుని, పాత డ్రాయింగుల ప్రకారం డార్లింగ్టన్‌లో కొత్తగా కట్టారు. 2008లో పట్టాలెక్కింది. నకలు అనే మాట దానికి సరిపోదు, అది నిజమైన ఆవిరి ఇంజనే. పాత ఇనుము అరగలేదు, చేతులకీ పని దొరికింది.

ఊటీ రాక్:
యార్క్‌షైర్ అన్నా, అంత దూరం ఎందుకు, మన పక్కనే ఉంది. తిరుచ్చి దగ్గర పొన్మలై వర్క్‌షాప్ 2011 నుంచి నీలగిరి లైనుకి కొత్త ఆవిరి ఇంజన్లు కట్టి ఇస్తోంది. కల్లార్ నుంచి కూనూర్ దాకా సుమారు 12 అడుగులకి ఒక అడుగు ఎత్తు ఎక్కే దారి అది. పట్టాల మధ్య పళ్ల చట్రం, ఇంజన్ కింద పళ్ల చక్రం. ఆ ఎక్కుడు మీద ఈ ఇంజన్లు ప్రయాణికుల్ని తీసుకెళ్తున్నాయి. అంటే కొత్త బాయిలర్ కట్టడం వచ్చినవాళ్లు మనకి ఇంకా ఉన్నారు. అలాగే 2010లో పెరంబూరులో ఫెయిరీ క్వీన్ జతది, ఈఐఆర్ (ఈస్ట్ ఇండియన్ రైల్వే) 21 నంబరు ఇంజన్, దాన్నీ నడిచేలా చేశారు. తమిళనాడులో ఇన్ని జరుగుతుంటే మన రెండు రాష్ట్రాల్లో నిప్పు వెలిగే ఇంజన్ ఎక్కడుందో చూపించండి. నా బాధ అది.

పాతపట్నం పాసింజర్:
నేను మొదలుపెట్టిన వాదనలో నేనే కదిలాను, దాచుకోను. కాజీపేట అమ్మాయి గారు చేతుల గురించి రాసింది చదివాక ఢిల్లీలో చూసినది గుర్తొచ్చింది. సమావేశం అయ్యాక రైల్ మ్యూజియానికి వెళ్లాను. అక్కడ పాటియాలా మోనోరైలు ఉంది. 1907 నుంచి 1927 దాకా పంజాబులో నడిచింది. ఒకే పట్టా మీద బరువు దాదాపు అంతా ఉంటుంది, పక్కన నేల మీద పెద్ద చక్రం బండి ఒరిగిపోకుండా కాస్తుంది. మూలనపడి ఉన్నదాన్ని తర్వాత బాగుచేసి నడిచేలా చేశారు. నేను పటాల్లో వందసార్లు చూశాను, అయినా ఆ చక్రం ఎందుకో సరిగా అర్థం కాలేదు. కదిలినప్పుడు, మట్టి మీద అది ఆనుకుని దొర్లడం చూశాక ఒక్క క్షణంలో అర్థమైంది. నడవకుండా ఉంటే నాకది తెలిసేది కాదు.

అయినా ఒక్క మాట మీద నిలబడతాను. ఒక రకంలో ఆఖరిది ఒక్కటే మిగిలి ఉంటే, దానికి నిప్పు పెట్టొద్దు. ముందు కొలతలు తీయండి, డ్రాయింగులు గీయండి, కొత్తది కట్టండి.

షెడ్డు ఫిట్టర్:
అది నాకు సమ్మతమే. బ్రాడ్ గేజ్ గూడ్సు బండ్ల డబ్ల్యూజీ రకం ఇంజన్లు 2,450 కట్టారు, 1970లో ఆఖరిది చిత్తరంజన్ నుంచి బయటికొచ్చింది, అంతిమ్ సితారా (ఆఖరి నక్షత్రం) అని పేరు పెట్టారు. అలాంటి రకాల్లో మంచి బాయిలర్ ఉన్నది ఒకటి ఎంచి నడుపుకోండి, విడిభాగాలు దొరుకుతాయి, నేనే వచ్చి పనిచేస్తాను. ఫెయిరీ క్వీన్‌ని మాత్రం ఇక నిద్రపోనివ్వండి. అక్కడ నేను మెత్తబడను.

హర్యానాలో రేవాడీ ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండనే ఉంది. 1893 నాటి షెడ్డు, అక్బర్, ఆజాద్ లాంటి ఇంజన్లున్నాయి. ఆజాద్ 1947లో అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ కట్టింది. పండగ చేయాలంటే ప్రసంగాలు ఢిల్లీలో పెట్టుకుని, నిప్పు రేవాడీలో పెట్టండి. ఒక్క షరతు. ముందు రోజు రాత్రే వెలిగించాలి, అతిథి ఎవరైనా సరే.

కాజీపేట అమ్మాయి గారూ, మీ నాన్నగారిని ఒక్కటి అడిగి చెప్తారా? చల్లటి డబ్ల్యూజీని వాళ్ల షెడ్‌లో ఎన్ని గంటలు తీసుకుని వేడి చేసేవాళ్లు?

కాజీపేట అమ్మాయి:
ఇప్పుడే అడిగాను. టీవీ ఆపేసి, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. రాత్రి తొమ్మిది, పదికి నిప్పు పెడితే తెల్లవారి బండికి కట్టేవాళ్లట. ముందు చిన్న నిప్పు, ఒక మూల మాత్రమే. నీళ్లు గోరువెచ్చన అయ్యాక రెండో మూల. "తొందరపెడితే గొట్టాలు ఏడుస్తాయి" అన్నారు. మీరు విన్న సుయ్ సుయ్ ఆయనకి తెలుసు.

ఎవరు అడిగారు, ఏ షెడ్డు మనిషి అని తిరిగి నన్ను అడుగుతున్నారు. వయసు 76, మోకాళ్లు నొప్పి. రేవాడీకి రిజర్వేషన్ దొరుకుతుందా చూడమంటున్నారు.