పొలంలో సాయం చేసినవాళ్ళని పంపేటప్పుడు ఏమనాలి? వీడ్కోలా, వెళ్ళిరండా?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక ఇటలీలో ఉంటున్నా. ఉంబ్రియాలో ట్రాసిమెనో సరస్సు పక్కన మా అత్తగారిది చిన్న ఆలివ్ తోట, ఎక్కువగా దోల్చె అగోజా అని ఈ సరస్సు చుట్టుపక్కల పండే రకం. అక్టోబరులో కోత మొదలవుతుంది. కూలీలని పెట్టుకుంటే మాకేం మిగలదు, అందుకని వూఫ్ పద్ధతిలో వాలంటీర్లని పిలుస్తాం. 1971లో ఇంగ్లండులో సూ కొపార్డ్ అనే ఆవిడ, లండన్‌లో ఉండేవాళ్ళు శని ఆదివారాలు పల్లెకి వెళ్ళి సేంద్రియ పొలంలో పనిచేసి వచ్చేలా దీన్ని మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. డబ్బు మాటే ఉండదు. వాళ్ళు రోజులో కొన్ని గంటలు పని చేస్తారు, మేం తిండీ పడకా చూస్తాం, అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. చెట్టు కింద వలలు పరచడం, చేతి దువ్వెనలతో కాయ రాల్చడం, ఆకు ఏరడం, పెట్టెలు మోయడం, ఆ రాత్రికో మర్నాటికో కాయని మిల్లుకి చేర్చడం. కుప్పగా వదిలేస్తే వేడెక్కి నూనె పాడవుతుంది కాబట్టి చలీ వానా అని చూడటానికి ఉండదు. ఇంతా చేస్తే 100 కిలోల కాయకి 12 నుంచి 15 కిలోల నూనె.

ఇంత కష్టం కలిసి పడ్డాక వాళ్ళు బయల్దేరే రోజు ఇల్లంతా దిగులుగా ఉంటుంది. ఈ శనివారం ముగ్గురు వెళ్తున్నారు. అందులో జపాన్ నుంచి వచ్చిన అమ్మాయి, "మీ భాషలో ఇలాంటప్పుడు ఏమంటారో ఒక కాగితం మీద రాసివ్వు" అంది. "వీడ్కోలు" అని రాయబోయి ఆగాను. సభల్లో, పేపర్లో తప్ప ఎదురుగా నిలబడి "వీడ్కోలు" అన్న మనిషిని నేను చూడలేదు. మనం అనేది "వెళ్ళిరండి". ఇక్కడ మా అత్తగారు అనే "అరివెదేర్చి"లోనూ మళ్ళీ చూసుకుందాం అనే మాటే ఉంది. ఇక కలిసేది లేదన్నప్పుడు అనడానికి వాళ్ళకి "అద్దీయో" ఉంది, దేవుడికి అప్పజెప్పడం అన్నమాట. మనకి అలాంటిది లేదు. మళ్ళీ వస్తారో లేదో తెలియని మనిషిని "వెళ్ళిరండి" అనడం సరైనదేనా? ఇంకో సందేహం, వీళ్ళని తెలుగులో ఏమనాలి? కూలీలు కారు, చుట్టాలూ కారు.

గుంటూరు నుంచి ఒక తెలుగు మాస్టారు:
అమ్మా, మంచి ప్రశ్న వేశావు. పాత తెలుగులో రెండు మాటలున్నాయి. వెళ్ళేవాడు "వీడుకొంటాడు", పంపేవాడు "వీడుకొలుపుతాడు". వీడ్కోలు అన్నది మొదటిదాన్నుంచి వచ్చింది, అంటే అసలు అది వెళ్ళేవాడి వైపు మాట. ఇప్పుడు "ఘనంగా వీడ్కోలు పలికారు" అని పంపేవాళ్ళకి వాడుతున్నాం, వాడుకలో స్థిరపడింది కాబట్టి తప్పనను. కానీ నువ్వు గడపలో నిలబడి పంపేదానివి, నీకు కావాల్సింది "సాగనంపడం". సాగు, అంపు, రెండూ అచ్చ తెలుగే. అంపడం అంటే పంపడం, పెళ్ళిలో "అంపకాలు" అంటామే, అదే. సాగనంపడంలో నడక ఉంది, వాకిలి దాకానో పొలిమేర దాకానో పక్కన నడిస్తేనే సాగనంపినట్టు.

కరీంనగర్ నుంచి:
మా దిక్కు "పోయిరా బిడ్డా" అంటరు, వెళ్ళేవాళ్ళు "పోయొస్త" అంటరు. ఉత్త "పో" అంటే తరిమినట్టు. మా తాత కాలంలో జీతగాళ్ళని ఉగాదికి కుదుర్చుకునేవాళ్ళట, మళ్ళీ ఉగాది వస్తే ఉంచుడో తీసేసుడో దొర ఇష్టం. ఆ రోజు దొర నోట "పోయిరా" అని వినబడిందా లేక "పో" అనా, జీతగాని పెండ్లాం పిల్లలు దానికోసమే చూస్తుండేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. అందుకే అక్కా, ఆ "రా" చిన్నదని వదిలెయ్యకు.

ప్రశ్న అడిగినవారు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివి మా అత్తగారికి ఇటాలియన్‌లో చెప్పాను, ఆవిడ వెంటనే "ఫారె సాన్ మార్తీనో" అన్నారు. నవంబరు 11 సెయింట్ మార్టిన్ పండగ, పొలం పనుల ఏడాది అక్కడికి ముగిసేది. ఉత్తర ఇటలీలో పో నది మైదానాల్లో కౌళ్ళూ ఒప్పందాలూ ఆ రోజుకి తీరేవి, యజమాని వద్దంటే ఆ కుటుంబం మంచాలూ కోళ్ళూ అన్నీ బండికెత్తుకుని ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. అందుకే ఆ వైపు ఇప్పటికీ ఇల్లు మారడాన్ని "సాన్ మార్తీనో చేయడం" అంటారు. మా ఉంబ్రియాలో, పక్కన తొస్కానాలో ఉన్నది మెజ్జాద్రియా, అంటే పండినదాంట్లో సగం యజమానికి. 1964లో చట్టం తెచ్చి కొత్తగా ఆ ఒప్పందాలు రాసుకోవడం ఆపేశారు. అత్తగారి పుట్టింటివాళ్ళు అలా పాలుకి చేసినవాళ్ళే, చిన్నప్పుడు ఇల్లు ఖాళీ చేసిన రోజు గుర్తుందట, వెళ్ళిరండని ఒక్కరూ అనలేదట. ఇప్పుడు ఎవరు వెళ్తున్నా ఆవిడ కొత్త నూనె సీసా చేతిలో పెట్టి, దారిలో తినమని రొట్టె మూటకట్టి, "తోర్నాతె" అని రెండు మూడుసార్లు ఎందుకంటారో నాకు ఇవాళే తెలిసింది. "తిరిగి రండి" అని అర్థం.

అనంతపురం నుంచి:
మళ్ళీ రాకపోతే అబద్ధం అయిపోతుందేమో అని మీ టెన్షన్ అనుకుంటా. చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు మనవాళ్ళు "వస్తాను" అనరు, చెప్పకుండానే వెళ్ళిపోతారు. అంటే ఈ మాటని మనం ఊరికే అలవాటుగా అనెయ్యట్లేదు, అనకూడని చోటు కూడా పెద్దవాళ్ళకి తెలుసు. ఆ ఒక్కచోట తప్ప ఎక్కడైనా అనొచ్చు. రావడం వాళ్ళ ఇష్టం, వస్తే చోటుందని చెప్పడం మీ వంతు. ఇక వాళ్ళని ఏమనాలంటే, ఒకరి చేలో ఇంకొకరు చేసి మళ్ళీ వాళ్ళు వచ్చి చేసిపెట్టడాన్ని మావైపు బదులు పని అంటారు, కూలి ఇవ్వరు, భోజనం పెడతారు. మీదీ దానికి దగ్గరగానే ఉంది, కాకపోతే జపాన్ వెళ్ళి మీరు బదులు చేసేది ఎప్పుడో! శ్రమదానం అనకండి, అది రోడ్లకీ చెరువులకీ సరిపోతుంది. సాయానికొచ్చినవాళ్ళు అంటే చాలు.

తురినోలో చదువుకుంటున్న విద్యార్థి:
ఇక్కడ కుర్రాళ్ళు అన్నిటికీ "చావ్" అంటారు, వచ్చినా చావే, వెళ్ళినా చావే. మొదట్లో తెలుగు చెవికి చాలా ఇబ్బందిగా ఉండేది. అది వెనీసు వైపు భాషలో "మీ దాసుణ్ణి" అన్న మర్యాద మాట నుంచి వచ్చిందని మా ప్రొఫెసర్ చెప్పాక బాగా నచ్చింది. మన ఫోన్లో "ఉంటానండీ" కూడా ఇలాంటిదే కదా, పెట్టేసేటప్పుడు ఉంటాను అంటాం. అక్కా, ఆ అమ్మాయికి రాసిచ్చేటప్పుడు పలకడం జపాన్ లిపిలో తననే కింద రాసుకోమనండి, మీరు నోటితో చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు, మాస్టారికి నమస్కారాలు. వీడ్కోలు వద్దని తేల్చుకున్నా. "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అని మా అమ్మమ్మ అనేది, అది రాద్దామా అనుకున్నా గానీ లాభం మాట వీళ్ళకి కుదరదు, పైసా తీసుకోకుండా చేసిన మనుషులు. కాబట్టి కాగితం మీద ఇలా రాస్తున్నా: "మా తోటలో కాయ కోసినవాళ్ళు మా ఇంటివాళ్ళు. క్షేమంగా వెళ్ళిరండి." ముగ్గురికీ మూడు కాగితాలు, నూనె సీసాలకి కడతాను. రైలు కియూజిలో, ఇంటి దగ్గరే చెప్పేసి ఊరుకోకుండా స్టేషన్ దాకా నేనూ అత్తగారూ వెళ్తున్నాం. ఈ రెండు వాక్యాల్లో మార్చాల్సింది ఏమన్నా ఉంటే శుక్రవారం రాత్రిలోపు చెప్పండి, శనివారం పొద్దున్నే బయల్దేరాలి.

గుంటూరు మాస్టారు:
ఏమీ మార్చకు తల్లీ. "ఇంటివాళ్ళు" అన్నావు కాబట్టి "వెళ్ళిరండి" దానికదే కుదిరింది. మీ అత్తగారికి మా నమస్కారాలు చెప్పు.