రొమ్ము క్యాన్సర్‌కు మూడు ఆసుపత్రుల్లో మూడు మాటలు: కర్నూలులోనే చేయించాలా, బయటికి వెళ్లాలా?

ప్రశ్న: ఆదోని ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 56 ఏళ్లు. ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ ఉన్నదని నెల క్రితం చెప్పింది. తమ్ముడి పెళ్లి అయ్యేదాకా ఎవరికీ తెలియకుండా దాచుకున్నదట. కర్నూలులో తెలిసిన ఒక నర్సింగ్ హోమ్‌లో సూది పరీక్ష చేసి, క్యాన్సరేనని, గురువారమే రొమ్ము మొత్తం తీసేద్దామని అన్నారు. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకువెళ్తే, ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామని, రొమ్ము తీయవలసిన అవసరమే రాకపోవచ్చని చెప్పారు. వారిచ్చిన ఖర్చు అంచనా కాగితం చదివి మా నాన్న మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ప్రభుత్వ ఆసుపత్రిలోనేమో పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలంటున్నారు. ఒకే జబ్బుకు ఇన్ని వైద్యాలు ఎందుకు ఉంటాయి? గడ్డను ఉంచుకొని తిరగడం నిప్పును ఒడిలో కట్టుకోవడమేనని మా మేనమామ గురువారానికే డబ్బు కట్టేయమంటున్నాడు.

జవాబు: పాత ల్యాబ్ మనిషి

అమ్మా, నేను డాక్టరును కాను. కర్నూలులో ముప్ఫై ఏళ్లు పెథాలజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు ఆ గురువారాన్ని ఆపండి. సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు ఉన్నాయా లేవా అన్నది తెలుస్తుంది గాని, వైద్యం ఏ వరుసలో జరగాలో దానితో తేలదు. అందుకు కొంచెం లావు సూదితో ముక్క తీసి, ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడు పరీక్షలు చేయాలి. మొదటి రెండూ క్యాన్సర్ హార్మోన్లతో పెరిగే రకమా అని, మూడోది కణాల మీద హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని చూసేవి. మొదటి రెండింటిలో ఏది పాజిటివ్ అయినా ఏళ్ల తరబడి వాడే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 పాజిటివ్ అయితే దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. మూడూ నెగెటివ్ అయితే భారమంతా ప్రధానంగా కీమో మీదే పడుతుంది. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి, హెర్-2 పాజిటివ్ గానీ మూడూ నెగెటివ్ గానీ అయినప్పుడు చాలాసార్లు ముందు కీమోనే ఇస్తారు. కాబట్టి హైదరాబాద్ వారి మాట సరైనదే కావచ్చు. అయితే ఈ రిపోర్టు చూడకుండా చెప్పి ఉంటే అదీ తొందరపాటే.

ఆసుపత్రికీ ఆసుపత్రికీ ఉన్న తేడాను నేను గోడల్లో కాక సీసాల్లో చూశాను. ఒక సాయంత్రం ఒక చిన్న ఆసుపత్రి నుంచి రోగి అల్లుడు ఊరగాయ సీసాలో గడ్డను పెట్టుకొని ఆటోలో వచ్చాడు. సీసాలో ఉన్నది ముక్క పాడవకుండా కాపాడే ఫార్మలిన్ కాదు, సెలైన్ (ఉప్పునీరు). గడ్డకు పైవైపు ఏదో, చర్మం వైపు ఏదో తెలిపే దారపు ముడి ఒక్కటీ లేదు. అంచులో క్యాన్సర్ మిగిలిందని మేము రాసినా, ఏ వైపు మిగిలిందో సర్జన్‌కు ఎలా తెలుస్తుంది? తీసిన ముక్కను వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేసి, కనీసం 6 గంటలు, 72 గంటలు మించకుండా ఉంచాలి. అలా చేయకపోతే పాజిటివ్ రావలసిన హార్మోన్ పరీక్ష నెగెటివ్‌గా రావచ్చు. అప్పుడు రోజుకు కొద్ది రూపాయల మాత్రతో దక్కవలసిన రక్షణ ఆ మనిషికి దక్కకుండా పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రి వారు మళ్లీ పరీక్షలంటే కాలయాపన అనుకోకండి. ఇదివరకటి స్లైడ్లు, తర్వాత తీసే ముక్కను మైనంలో పొదిగి ఉంచే బ్లాకులు అడిగి తీసుకొని మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి.

జవాబు: అనంతపురం అక్క

చెల్లెమ్మా, నేను ఈ దారిలో నడిచి వచ్చినదాన్నే. రొమ్మంతా తీయించుకున్నంత మాత్రాన ఎక్కువ కాలం బతుకుతామని లేదు. తొలి దశలో గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు సమానమేనని, అమెరికాలోనూ ఇటలీలోనూ 1970లలో మొదలైన రెండు అధ్యయనాల ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో తేల్చాయి. మరి చిన్న ఊళ్లలో మొత్తం తీసేద్దామని ఎందుకంటారు? రొమ్మును ఉంచితే రేడియేషన్ దాదాపు తప్పనిసరి, ఆ యంత్రమేమో దగ్గరలో ఉండదు. మా వైపు పెద్దవాళ్లు "కరెంటు పెట్టించుకోవడం" అనే ఆ వైద్యానికి వారానికి ఐదు రోజులు వెళ్లాలి. పూర్వం ఐదు వారాలు, 25 సార్లు. ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15 సార్లతో ముగిస్తున్నారు. ఎన్నిసార్లు ఇస్తారో ముందే అడిగితే బస, భోజనం, తోడుండే మనిషి సంగతి లెక్క తేలుతుంది. మీ అమ్మగారిది ఎడమవైపు కాబట్టి, గుండెకు తగలకుండా ఊపిరి బిగబట్టించి ఇచ్చే ఏర్పాటు ఉన్నదేమో కూడా అడగండి.

నాకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చంకలోని గ్రంథులన్నీ ఊడ్చినట్టు తీసేశారు. నీలిరంగు మందు ఎక్కించి, మొదటి ఒకటి రెండు గ్రంథులను పరీక్షించి, అవి శుభ్రంగా ఉంటే మిగిలినవాటిని ముట్టుకోని పద్ధతి ఉన్నదని తర్వాత బెంగళూరులో విన్నాను. గ్రంథులన్నీ పోవడంతో ఆ వైపు చేయి వాచిపోయి, ఇప్పుడు నేను గాజులు కుడిచేతికి ఒక సైజు, ఎడమచేతికి ఒక సైజు కొనుక్కుంటాను. బిల్లు పెద్దదైన చోట వైద్యం కూడా పెద్దదని నమ్మి నేను వెళ్లింది ఆ ఆసుపత్రికే.

జవాబు: సర్జరీ విద్యార్థి

పెద్దలు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. స్కాట్లాండ్ పశ్చిమ ప్రాంతంలో 3,786 మంది రోగుల వివరాలతో 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో, రొమ్ము క్యాన్సర్ మీదే ప్రత్యేకంగా పనిచేసే సర్జన్ల దగ్గర వైద్యం పొందినవారిలో 5 ఏళ్ల తర్వాత బతికి ఉన్నవారు 9 శాతం ఎక్కువగా కనిపించారు. అందువల్ల ప్రభుత్వమా, ప్రైవేటా అన్నదానికన్నా, ఆ సర్జన్ నెలకు ఎన్ని రొమ్ము ఆపరేషన్లు చేస్తారు, సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కలిసి కత్తి పడకముందే కేసు చర్చిస్తారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. కర్నూలు వైద్య కళాశాల ఆవరణలోని రాష్ట్ర క్యాన్సర్ సంస్థలోను, తిరుపతిలో స్విమ్స్‌లోను, 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రిలోను ఇవే ప్రశ్నలు వేయండి. అన్నీ ఒకేచోట జరగాలని నియమమేమీ లేదు. ఆపరేషన్ ఒకచోట చేయించుకొని, అదే ప్రణాళిక ప్రకారం కీమోను ఇంటికి దగ్గరలో ఎక్కించుకోవచ్చు. ఎక్కడైనా సరే, అడ్వాన్సు కట్టేముందు ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కౌంటర్ దగ్గర కార్డు చూపించి అనుమతి సంగతి కనుక్కోండి. ముందే కట్టిన డబ్బు తర్వాత తిరిగి వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఈ పరీక్షలకు పట్టే రెండు మూడు వారాలతో సాధారణంగా నష్టమేమీ ఉండదు, నెలలు జారిపోతేనే ప్రమాదం.

ఆదోని ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. గురువారం ఆపరేషన్ మానుకున్నాము. ప్రభుత్వ ఆసుపత్రిలో నిన్న ముక్క తీశారు. రిపోర్టు పది రోజుల్లో వస్తుందన్నారు. ఊరగాయ సీసా సంగతి చదివి వినిపించాక మామయ్య మారుమాట్లాడకుండా నర్సింగ్ హోమ్‌కు వెళ్లి సూది పరీక్ష స్లైడ్లు అడిగి తెచ్చాడు. రిపోర్టు రాగానే ఇక్కడ రాస్తాను.