జిప్సీ ఎత్తు పెంచాక స్టీరింగ్ తేడా: తప్పు అలైన్‌మెంట్ షాపుదా, ఎత్తుదా?

గోదారి జిప్సీ:
నాది 2006 మారుతి జిప్సీ కింగ్ జీపు. సంక్రాంతికి ముందు కమాన్లకి (పట్టీల స్ప్రింగులు) నాలుగు వైపులా కంపెనీవాటి కంటే 2 అంగుళాలు పొడవున్న షాకిళ్ళు (కమాను చివరని ఛాసిస్‌కి కలిపే లింకులు) వేయించి, 235/75 ఆర్15 టైర్లు ఎక్కించాను. మారేడుమిల్లి అడవి దారుల్లో ముచ్చటగా పోతోంది. హైవే ఎక్కితేనే నరకం. 60 దాటగానే బండి నా మాట వినదు, కాసేపు అటు కాసేపు ఇటు పోతుంది, స్టీరింగ్ చక్రం వంకరగా పట్టుకుంటే తప్ప నేరుగా నడవదు, ఒక చక్రం గుంతలో పడిందంటే ముందు భాగమంతా గడగడా వణుకుతుంది, బ్రేక్ వేసి దాదాపు ఆపితే గానీ ఆగదు. మూడు షాపుల్లో అలైన్‌మెంట్ చేయించా. మూడుసార్లూ టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) అంకెలు ఆకుపచ్చే, అంటే సరిగ్గానే ఉన్నాయట. వీళ్ళకి జిప్సీ చేయడం రాదా, లేక ఎత్తు పెంచడమే తప్పా?

కొండదారి:
షాపు వాళ్ళకి రోజూ వచ్చేవి హ్యాచ్‌బ్యాక్‌లు బ్రో, రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు ఉండే సాలిడ్ యాక్సిల్ బండి చూస్తేనే కంగారు. నాది కమాన్లు యాక్సిల్ కింద నుంచి పైకి మార్చిన బండి, నీ దానికంటే చాలా ఎత్తు. స్టీరింగ్ కుదుపుల్ని అణిచే మంచి డ్యాంపర్ ఒకటి వేయించు, వణుకు పోతుంది. ఎత్తుని అనవసరంగా అనుమానించకు.

పాత ఇనుము:
డ్యాంపర్ వేస్తే వణుకు పోదు, దాక్కుంటుంది. జ్వరానికి గుడ్డ తడిపి వేసినట్టు. తమ్ముడూ, ఆ అలైన్‌మెంట్ కాగితం మీద క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే పిన్ వెనక్కి వాలిన కోణం) అని ఇంకో గడి ఉంటుంది, అది ఏ రంగులో ఉంది?

గోదారి జిప్సీ:
ఇప్పుడే తీసి చూశా అన్నా. రెండు వైపులా ఎరుపే. షాపతన్ని అప్పుడే అడిగితే "అది ఫిక్స్‌డ్ సార్, మార్చలేం" అన్నాడు.

పాత ఇనుము:
అదీ సంగతి. అతను అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. జిప్సీ ముందు యాక్సిల్‌కి మెషిన్ మీద తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం), క్యాస్టర్ రెండూ యాక్సిల్ ఎలా కూర్చుందో దాన్ని బట్టి ఉంటాయి. ఈ బండికి ముందు షాకిల్ కమాను ముందు చివర ఉంటుంది. దాన్ని పొడవు చేస్తే ఛాసిస్‌తో పోలిస్తే ఆ చివర కిందికి దిగుతుంది, దాంతో పాటు యాక్సిల్ కూడా ముందుకి వాలుతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలినా నేరుగా పోవడానికి అదీ ఒక కారణం. ఆ వాలు తీసేసి నిటారుగా నిలబెడితే ఏమవుతుందో నీ బండికి అదే అయింది. ఖాళీ గ్రౌండ్‌లో 20 స్పీడ్‌లో మలుపు తిప్పి స్టీరింగ్ వదిలి చూడు. తనంతట తాను వెనక్కి రాకపోతే క్యాస్టర్ లేనట్టే. ఇంకోటి, షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు 1 అంగుళమే. ఆ ఒక్క అంగుళం కోసం ఇంత తలనొప్పి!

సాంత్రో 2003:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతోందని నా సాంత్రో ముందు స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు పెట్టించాను, ఇప్పుడు టైర్లు ఒక అంచున అరిగిపోతున్నాయి. ఇదీ అదేనా?

పాత ఇనుము:
కాదండీ, మీది స్ట్రట్ బండి, ముందు ఒక్కో చక్రానికీ విడిగా స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉంటాయి. ఎత్తు లేస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చేయి), టై రాడ్ (చక్రాన్ని తిప్పే రాడ్డు) రెండూ కిందికి వాలి టో మారిపోతుంది. బఫర్ పెట్టాక అలైన్‌మెంట్ చేయించకపోతే అరుగుతాయి. చేయించండి, చాలావరకు సర్దుకుంటుంది. అయినా అరుగుతుంటే బఫర్లు తీసేయండి.

కొండదారి:
సరే, క్యాస్టర్ ఒప్పుకుంటా. దానికి కమానుకీ యాక్సిల్‌కీ మధ్య వాలు షిమ్‌లు (ఒక పక్క మందంగా ఉండే పలకలు) పెడితే సరిపోతుంది, మందం వైపు ముందుకి ఉండాలి. ఎత్తు తీయమని చెప్పడం దేనికి? పెంచినవాళ్ళందరూ హైవే మీద పడిపోతున్నారా?

పాత ఇనుము:
షిమ్ పెడితే క్యాస్టర్ వస్తుంది, కానీ డిఫరెన్షియల్ మూతి (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటు) కిందికి దిగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు మీద కోణం పెరుగుతుంది. కొద్దిగా అయితే ఫర్వాలేదు. నీలా కమాన్లు పైకి మార్చిన బండికి అసలు కథ డ్రాగ్ లింక్‌ది. స్టీరింగ్ బాక్సుకి ఉండే పిట్‌మన్ ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్ళే ఆ రాడ్డు దాదాపు అడ్డంగా ఉండాలి. బండి లేస్తే అది ఏటవాలు అవుతుంది, అందుకే స్టీరింగ్ చక్రం వంకరగా కూర్చుంటుంది. ఆపైన గుంతలో కమాను ఆడిన ప్రతిసారీ ఆ రాడ్డు చక్రాన్ని తోస్తుంది, నువ్వు తిప్పకుండానే బండి తిరుగుతుంది. గట్టిగా బ్రేక్ కొడితే ముక్కు దిగి ఒక పక్కకి లాగడం కూడా అందుకే. నిజం చెప్పు, నీ బండి బ్రేక్‌కి లాగదా?

కొండదారి:
లాగుతుంది. అలవాటైపోయింది.

పాత ఇనుము:
నీకు అలవాటైంది. ఎదురుగా వచ్చే ఆటోవాడికి అలవాటు కాలేదు కదా.

కాగితాల మనిషి:
మెకానిక్ విషయం నాకు తెలియదు కానీ ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలకి తేడాగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా పెట్టారు, జైలు కూడా ఉంది. యాక్సిడెంట్ అయితే బీమా వాళ్ళు ముందు వెతికేది ఇలాంటివే.

కొండదారి:
వచ్చాడండీ లాయరు.

గోదారి జిప్సీ:
పది రోజుల తర్వాత అప్‌డేట్. ముందు చక్రాలు జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ వైపు బాగా ఆట ఉంది. వీల్ బేరింగ్ అనుకున్నా, కానీ మా మెకానిక్ బ్రేక్ నొక్కించి మళ్ళీ ఊపాడు, ఆట అలాగే ఉంది, అంటే కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే పిన్) బేరింగు. ఇంజన్ ఆపి మా బావ స్టీరింగ్ ఆడిస్తుంటే నేను కింద పడుకుని చూశా, డ్రాగ్ లింక్ చివర కూడా లూజు. ఇవన్నీ ముందే అరిగి ఉంటాయి, పెద్ద టైర్ల బరువుకి బయటపడ్డాయి. బేరింగులు, లింక్ ఎండ్లు మార్చాం. గుంతలో వణుకు పూర్తిగా పోయింది. అటూ ఇటూ పోవడం మాత్రం పోలేదు.

పాత ఇనుము:
పోదు. అది క్యాస్టర్. టైర్లలో గాలి ఎంత?

గోదారి జిప్సీ:
షాపతను 35 కొట్టి పంపాడు. 26కి తెచ్చా, కొంచెం నయం. నిన్న ముందు షాకిళ్ళు తీసి పాతవే పెట్టించేశాను అన్నా, వెనక మాత్రం పొడవువే ఉన్నాయి. స్టీరింగ్ చక్రం తిన్నగా అయింది, 70లో కూడా ఒక చేత్తో పోతోంది. కాకపోతే చూడటానికి ఎద్దు తల దించుకుని గడ్డి మేస్తున్నట్టుంది.

కొండదారి:
ఫొటో పెట్టు, నవ్వుకుంటాం. షిమ్‌లు పెట్టి ఉంటే ఎత్తు మిగిలేది.

పాత ఇనుము:
వెనక పొడవువి ఉంచితే వెనక లేచి ముక్కు దిగుతుంది, ఆ మేరకు క్యాస్టర్ ఇంకా కొంత తక్కువే ఉంటుంది. వెనకవి కూడా తీసేయ్ తమ్ముడూ. ఎప్పుడు తీస్తావ్?

గోదారి జిప్సీ:
టైర్లు మడ్‌గార్డ్‌కి రుద్దుకుంటాయేమోనని ఆగా. ఆదివారం పాత టైర్లు వేసి చూసి చెప్తా.