గీజర్ ఆలస్యంగా వేడెక్కుతోంది, అడుగున చుక్కలు పడుతున్నాయి: బాగుచేయించాలా, మార్చాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా స్నానాల గదిలో గోడకు బిగించిన 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ ఉంది. దాని ఎలిమెంట్ 2000 వాట్లది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని ఈ గీజర్ ఇప్పుడు నీటిని వేడి చేయడానికి మునుపటికంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటోంది. వేడెక్కుతున్నంతసేపూ లోపలి నుంచి చిటపట శబ్దం వస్తోంది, అడుగున నీటి చుక్కలు కనబడుతున్నాయి. వీటికి తోడు, స్విచ్ వేసిన కాసేపటికి ఒక్కోసారి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే రక్షణ స్విచ్) పడిపోయి ఇంటి మొత్తానికి కరెంటు పోతోంది. తిరిగి ఎత్తితే నిలుస్తోంది కాబట్టి గీజర్‌ను వాడుతూనే ఉన్నాం. మా నీటిలో ఉప్పు శాతం ఎక్కువ. వచ్చి చూసిన మెకానిక్ మూత కూడా విప్పకుండా కొత్తది కొనుక్కోమని చెప్పి వెళ్లారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కనుక ప్రమాదం తెచ్చుకోవాలని లేదు. అలాగని బాగుపడే వస్తువును పారేయడానికీ మనసొప్పడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మిగిలిన లక్షణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ గీజర్ ఎంసీబీని (బోర్డులో దానికి కరెంటు ఇచ్చే స్విచ్) దించేయండి, లోపం తేలేదాకా ఎవరినీ వాడనివ్వకండి. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయేలా తయారవుతుంది. అది పడుతోందంటే కరెంటు వెళ్లవలసిన దారిలో కాక మరో దారిలో భూమికి చేరుతోందన్నమాట. తిరిగి ఎత్తినప్పుడు నిలిచినంత మాత్రాన లోపం పోయినట్టు కాదు.

గీజర్లలో దీనికి తరచుగా కారణమయ్యేది ఎలిమెంటే. లోహపు గొట్టం మధ్యలో నైక్రోమ్ తీగ, తీగ చుట్టూ కరెంటును ఆపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటాయి. గొట్టానికి సన్నని చీలిక వచ్చినా ఆ పొడి తేమను పీల్చుకుంటుంది, దానితో కరెంటు ట్యాంకులోకి, నీటిలోకి పాకుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎలిమెంట్ రెండు వైర్లూ విప్పించి, టెర్మినల్‌కూ ట్యాంకు బాడీకీ మధ్య మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందా అని నిరోధాన్ని కొలిచి చూపే పరికరం) పరీక్ష చేయించండి. రీడింగ్ మెగా ఓముల్లో లేకపోతే ఎలిమెంట్ మార్చాల్సిందే. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా అదే రోజున చూపించండి, ఎందుకంటే ఎర్త్ వైరు తెగి ఉన్న గీజర్ కింద నిలబడి స్నానం చేయడం ప్రాణాలతో చెలగాటమే.

రెండవ సమాధానం

పై సలహాను తప్పక పాటించండి. ఆలస్యంగా వేడెక్కడం గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఉప్పు పేరుకుంటే ఎలిమెంట్ బలం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. తీగ బాగున్నంతకాలం అది తీసుకునే కరెంటు దాదాపు మారదు, ఆ వేడి కాస్త ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. 25 లీటర్ల నీటిని 35 డిగ్రీలు పెంచడానికి సుమారు ఒక యూనిట్ విద్యుత్తు కావాలి, కాబట్టి 2000 వాట్ల ఎలిమెంట్‌కు అరగంట పడుతుంది. మీకు అంతకంటే చాలా ఎక్కువ పడుతోందంటే మొదట వోల్టేజీని చూడండి. 230కి బదులు 200 వోల్టులే వస్తే 2000 వాట్ల ఎలిమెంట్ 1500 వాట్ల దానిలా పనిచేస్తుంది.

వోల్టేజీ బాగుంటే నా అనుమానం, నీరు తగినంత వేడెక్కగానే కరెంటును ఆపే థర్మోస్టాట్ మీదే. ఎలిమెంట్ మీదా, థర్మోస్టాట్ గొట్టం మీదా పెచ్చులు కట్టినప్పుడు ఆ చుట్టుపక్కల నీరు ముందే కాగిపోయి, ట్యాంకు మొత్తం వేడెక్కకుండానే థర్మోస్టాట్ కరెంటును ఆపేయవచ్చు. పరీక్షించడం తేలికే: మరమ్మతు అయ్యాక చల్లటి నీటితో మొదలుపెట్టి లైటును గమనించండి. పది నిమిషాలకే లైటు ఆరి, నీరు గోరువెచ్చగానే ఉంటే లోపం అక్కడే ఉంది. మీరు చెప్పిన చిటపట శబ్దం కూడా పెచ్చుల కింద చిక్కుకున్న నీరు ఆవిరవుతున్నప్పుడు వచ్చేదే.

ఇక చుక్కల విషయం. అవి ఎక్కడి నుంచి పడుతున్నాయో తెలియకుండా ఎవరూ తీర్పు చెప్పలేరు. పొడిగుడ్డతో తుడిచి చూసి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎంసీబీ దించేశాం. ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో చూసి ఎలిమెంట్ లీకేజీని నిర్ధారించారు, ఎర్తింగ్ మాత్రం బాగుందన్నారు. కరెంటు ఆపి, అంతా తుడిచి గమనిస్తే ఇప్పుడు చుక్క కూడా పడటం లేదు. అంతకుముందు వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచే పడినట్టు మరకలను బట్టి తెలుస్తోంది. వాల్వ్ మూసేస్తే సరిపోతుందా?

మూడవ సమాధానం

వాల్వ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. నీరు 25 నుంచి 65 డిగ్రీలకు చేరితే దాదాపు 1.7 శాతం వ్యాకోచిస్తుంది. అంటే మీ ట్యాంకులో 400 మిల్లీలీటర్ల పైచిలుకు నీటికి చోటు కావాలి, దానికి మిగిలిన దారి ఆ వాల్వే. వేడెక్కేటప్పుడు మాత్రమే కారడం దాని సహజ ధర్మం. చల్లగా ఉన్నప్పుడూ ఆగకుండా కారితేనే మార్చవలసి ఉంటుంది.

మీ ట్యాంకు చిల్లుపడినట్టు నాకు తోచడం లేదు. చిల్లు ఉంటే కరెంటు ఆపినా పై తొడుగు అంచుల నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది, లోపలి గాజు పూత వల్ల అలాంటి ట్యాంకుకు వెల్డింగ్ కూడా పనికిరాదు. అప్పుడైతే మీ మెకానిక్ మాటే నిజమయ్యేది. ఇప్పుడు ఎలిమెంట్, దాని గ్యాస్కెట్, ఆనోడ్ రాడ్ మూడూ కలిపి మార్పించి, థర్మోస్టాట్ గొట్టానికి పట్టిన పెచ్చులు తీయించండి. ఆనోడ్‌ను చాలామంది పట్టించుకోరు గానీ, ఆ మెగ్నీషియం కడ్డీ తాను తరిగిపోతూ ఉక్కు ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. ఉప్పు నీటిలో ఇంకా త్వరగా అరిగిపోతుంది. విప్పినప్పుడు టార్చితో లోపలికి చూడమనండి. పూత రాలి తుప్పు పొరలు కనబడితే కొత్త భాగాల మీద ఖర్చు ఆపి గీజర్‌నే మార్చడం మేలు.

అంతా బిగించాక వేడి నీటి కుళాయి తిప్పి, గాలి బుడగలు లేకుండా ధార నిలకడగా వచ్చేదాకా ట్యాంకును నింపిన తర్వాతే ఎంసీబీ ఎత్తండి. నీరు లేకుండా వెలిగితే కొత్త ఎలిమెంట్ కొద్ది నిమిషాల్లోనే కాలిపోతుంది.