థర్టీన్ రీజన్స్ వై నవల తొమ్మిదో క్లాసు పాపకి ఇవ్వచ్చా? చదివినోళ్ళు చెప్పండి

కట్టమంచి టీచర్:
అందరికీ నమస్తే. చిత్తూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను. క్లాస్ లైబ్రరీకి ఏ పుస్తకాలు కావాలో పిల్లోళ్ళనే రాసియ్యమంటే తొమ్మిదో క్లాసు పాప ఒకే ఒక్క పేరు రాసిచ్చింది, జే ఆషర్ రాసిన థర్టీన్ రీజన్స్ వై. తెప్పించి ముందు నేను చదివినా.

తెలీనోళ్ళకి కథ చెప్తా, 2007లో వచ్చిన అమెరికా నవల ఇది, క్లే అనే అబ్బాయి ఇంటికి ఒక డబ్బా వస్తుంది, దాంట్లో ఏడు క్యాసెట్లు, మాట్లాడేదేమో హానా అని వాళ్ళ క్లాసమ్మాయి, ఆ పిల్ల అప్పటికే ఆత్మహత్య చేసుకుని పోయింది. క్యాసెట్లో ఒక్కో వైపు ఒక్కో సంగతి, ఎవడు పుకారు పుట్టించినాడు, ఎవడు అమ్మాయిల ఒళ్ళు గురించి లిస్టు రాసి తిప్పినాడు, అట్లా పదమూడు. విన్నోళ్ళు లిస్టులో తర్వాత పేరుండే వాళ్ళకి డబ్బా పంపించాల.

ఆ లిస్టు సంగతి చదువుతుంటే మా స్కూలే కళ్ళ ముందర కనిపించింది, ఇప్పుడు కాగితం బదులు వాట్సాప్ గ్రూపు, అంతే తేడా. నా భయం వేరే. ఈ పాప దసరా సెలవుల తర్వాత నించి లాస్ట్ బెంచిలో ఒకతే కూర్చుని బాక్సు తింటా ఉంది, క్లాసోళ్ళ గ్రూపులోంచి తీసేసినారంట, ఎందుకని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఊరికే ఈ నవల మీద వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ పిచ్చితో అడిగిందా, లోపల ఇంకేమన్నా ఉందా? పుస్తకం దాచేస్తే ఫోన్లో ఎట్లయినా చూస్తుంది, ఇస్తే నా చేత్తో నేనే ఇచ్చినట్టు అవుతుంది. మా హెడ్ మేడమ్ అయితే పేరెంట్స్ గొడవకొస్తారు వద్దమ్మా అనేసింది.

ఎమ్మార్‌పల్లి కుర్రోడు:
మేడమ్, తిరుపతిలో ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు చదివినా ఈ బుక్కు. నా రంగు చూసి రూమ్మేట్లు ఒక పేరు పెట్టినారు, మెల్లగా క్లాసంతా అదే పేరు, ఆఖరికి మెస్సులో అన్నం పెట్టే ఆయన కూడా అట్లే పిలిచేవాడు, ఆయనకి పాపం అది ఎక్కిరింపని తెలీదు. పరుపు మీద నీళ్ళు పోసేది, రికార్డు చించేసేది, ఇవన్నీ మామూలే. ఒక్కొక్కటి విడిగా చెప్తే ఎవరికైనా చిన్నదే అనిపిస్తాది, ఇంట్లో చెప్తే దీనికే ఏడుస్తావా అంటారు. అవన్నీ ఒకదాని మీద ఒకటి ఎట్లా పేరుకుంటాయో ఈ బుక్కులో చూపించినట్టు నేను ఇంకెక్కడా చదవలా.

కానీ ఆ క్యాసెట్ల ఐడియా ఉంది చూడండి, అది డేంజర్. నేను పోయినాక అందరూ కూర్చుని నా మాట వింటారు, తప్పు తెలుసుకుని ఏడుస్తారు అని బాధలో ఉండేవాళ్ళు లోపల్లోపల అనుకుంటా ఉంటారు, బుక్కేమో ఆ కోరిక తీరినట్టే చూపిస్తాది, హానా పోయినాక కూడా కథంతా ఆమె గొంతు వినపడతానే ఉంటాది కదా. నిజంగా అట్లేం ఉండదు మేడమ్. ఏడిపించినోడు పరీక్షలు రాసుకుని వెళ్ళిపోతాడు, నలిగిపోయేది అమ్మానాన్నలు.

నన్ను కాపాడింది పక్క రూములో సీనియర్ అన్న, పీలేరాయన. నా పుస్తకాలు, వాచీ అన్నీ ఫ్రెండుకి ఇచ్చేస్తా ఉంటే చూసి మిద్దె మీదకి తీసకపోయి "ఏమిరా, చచ్చిపోదామని అనిపిస్తా ఉందా" అని మొహం మీదే అడిగినాడు. అంతవరకు ఎవరూ అడగలా. బోరున ఏడ్చేసినా. రాత్రికి రాత్రే మా నాయనకి ఫోన్ చేసి, పొద్దున ఆయన వచ్చేదాకా నా మంచం పక్కనే కింద పడుకున్నాడు.

తిరుపతి కౌన్సెలర్ అక్క:
తమ్ముడూ, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఆ అన్న చేసిందే మేము ట్రైనింగుల్లో నేర్చుకునేది. నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అట్లా పుట్టదు, ఆలోచన ఉండేవాళ్ళకి అడిగితే గుండెలో బరువు కొంచెం దిగుతుంది.

మేడమ్, నవల వేరు సిరీస్ వేరు. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సిరీస్‌లో హానా చనిపోయే సీను మొత్తం చూపించినందుకు మానసిక వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పినారు, 2019 జులైలో వాళ్ళే ఆ సీను తీసేసినారు. నవలలో అట్లా చూపించలేదు. అయినా నవలలో నాకు నచ్చనివి ఉన్నాయి. డిప్రెషన్ గురించి దాదాపు మాటే ఎత్తలేదు. ఇంత పెద్ద సంగతి వెనకాల మనసుకొచ్చిన జబ్బు, ఇంటి పరిస్థితి, ఒంటరితనం ఎన్నో కలిసి ఉంటాయి, ఫలానా పదమూడు మంది వల్లే అని లెక్క కట్టేదానికి కుదరదు. ఇంకోటి, ఆఖర్లో ఆ పిల్ల స్కూల్లో కౌన్సెలింగ్ చూసే పోర్టర్ సార్ దగ్గరికి పోయి చెప్పుకుంటే ఆయన సరిగ్గా పట్టించుకోడు, లేచి వెళ్ళిపోతుంటే వెనకాల కూడా రాడు. అది చదివిన పిల్లలకి పెద్దోళ్ళకి చెప్పి ఏం లాభం అనే మాటే మిగిలిపోతుంది. ఒకరు వినకపోతే ఇంకొకరి దగ్గరికి పోవాల అని పక్కన ఎవరో ఒకరు చెప్పాల, అందుకే ఒంటరిగా చదవనివ్వద్దంటాను.

చదివిస్తే మాత్రం చీటీ సీను వదలొద్దు. హానా పేరు రాయకుండా, ఆత్మహత్య గురించి ఆలోచిస్తున్నానని క్లాసులో చీటీలు వేసే సంచిలో చీటీ వేస్తుంది. టీచర్ చదివి వినిపిస్తే పిల్లలేమో ఎవరో అటెన్షన్ కోసం రాసినారు అంటారు, ఆ పిల్ల అక్కడే కూర్చుని వింటా ఉంటుంది. మన ఇళ్ళల్లో "డ్రామాలాడతా ఉంది" అనేది ఇదే కదా. ఆఖరి పేజీలో క్లే ఒంటరైపోయిన స్కై అనే అమ్మాయిని పలకరిస్తాడు, అది కూడా చదివించండి.

గాంధీ రోడ్డు లాయర్:
అక్క చెప్పింది కరెక్టే కానీ నేనైతే ఇప్పుడు ఇవ్వను, నాకూ అదే వయసు కూతురుంది. ఆ పుస్తకం ఇంకో రెండేళ్ళాగి చదివినా ఏం పోదు, పాప సంగతి మాత్రం ఆగదు. గ్రూపులోంచి ఎవరు తీసేసినారు, ఏం రాసినారు, ముందు అది తేల్చాల.

మీ హెడ్ మేడమ్‌కి ఒక మాట చెప్పండి. విశాఖపట్నంలో కోచింగ్‌లో ఉన్న అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది, వంద మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలుండే చోట కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలర్ ఉండాల, మార్కులు చూసి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరి ముందర అవమానించకూడదు. కేంద్రం తరఫున నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ లెక్కలో 2022 ఒక్క సంవత్సరమే 13,044 మంది స్టూడెంట్లు ఆత్మహత్య చేసుకుని పోయినారు. పేరెంట్స్ గొడవకొస్తారని భయపడే పరిస్థితి కాదమ్మా ఇది.

కట్టమంచి టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. పుస్తకం ప్రస్తుతానికి నా టేబుల్ దగ్గరే పెట్టుకుంటా. రేపే పాపతో మాట్లాడతా, కానీ ఎట్లా మొదలుపెట్టాలో తెలీడం లేదక్కా. ఏమన్నా చెప్పిందంటే వాళ్ళమ్మ ఆస్పత్రికి పోతే పోలీసు కేసవుతుందని భయపడుతుందేమో.

గాంధీ రోడ్డు లాయర్:
మనసు బాలేదని డాక్టర్‌కి చూపించుకుంటే ఏ కేసూ ఉండదమ్మా. ప్రయత్నం చేసినోళ్ళని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 115లో ఉంది. వాళ్ళకి ట్రీట్‌మెంట్ ఇప్పించే బాధ్యత కూడా ప్రభుత్వానిదే.

తిరుపతి కౌన్సెలర్ అక్క:
స్టాఫ్ రూములో వద్దు మేడమ్, లైబ్రరీలో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చోండి, ఎదురుగా కాదు. "నువ్వు రాసిచ్చిన పుస్తకం నేనూ చదివినాను రా, నువ్వు ఒకదానివే తింటా ఉండేది చూస్తా ఉన్నా, ఏమైంది" అని అడిగి ఊరకుండండి, ఎంతసేపు పలకకపోయినా మీరు మాటలతో నింపొద్దు. తర్వాత చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా అని ఆ మాటతోనే అడగండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వద్దు. అవునంటే అమ్మానాన్నలు వచ్చేదాకా ఒంటరిగా వదలొద్దు, అప్పుడే మీ ఫోన్‌లోనించి మనసు బాలేనోళ్ళకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్యండి, 2022 అక్టోబర్ నించి ఉంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. చిత్తూరు నించి తిరుపతికి రాగలిగితే రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. ఏమీ లేదు మేడమ్ అని నవ్వేసినా వచ్చే వారం మళ్ళీ అడగండి.